తీసేస్తే బయటే

మా బావకు లెక్కలొస్తాయి, మనుషులు రారు. ఇది నేను ఈ పొద్దు అంటాండే మాట కాదు, కాపురానికొచ్చిన కొత్తలోనే అన్నా.

బావ అంటే నా మొగుడి అన్న, వెంకటేశప్ప. బాగేపల్లి హైస్కూల్లో లెక్కల మేష్ట్రు. గూళూరు ఇంట్లో నేను శెనక్కాయలు వలుస్తాంటే ముందర కూర్చొని పాఠం మొదలుపెట్టినాడు. "నేత్రా, ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టే అంకెలుండాయి కదా. వాటిలో ఏ రెండు కూడినా మళ్లీ వాటిలోదే వస్తుంది, బయటది రాదు. దాన్ని కన్నడంలో ఆవృత గుణ అంటారు, మూసినట్టుండే గుణం. మన కుటుంబం మాదిరి."

"తీసేస్తే?" అన్నా.

"మూడులో అయిదు తీసేస్తే బయట పడిపోతాం. అందుకే తీసివేతకు ఆ గుణం లేదు" అని నవ్వినాడు. ఆయన ఒళ్లో కూర్చొని ఉండిన కొడుకు లోకేశ్ నేను వలిచిన గింజలన్నీ తినేసినాడు.

ఆ పిల్లోడు ఇస్కూలుకు పోతాండే వయసులోనే పోయినాడు. బావ వాణ్ణి బైకు మీద ముందర కూర్చోబెట్టుకొని సంత నుంచి వస్తాంటే మునియప్ప ఎద్దు అడ్డమొచ్చిందని చెప్పినాడు. బావకు కాలు విరిగింది, పిల్లోడు బతకలేదు. మునియప్ప మాకు దాయాది, మా పక్క చేను ఆయనదే. "నా ఎద్దు ఆ పొద్దు కొట్టం దాటలేదప్పా" అని మొత్తుకున్నాడు. ఎవురు వింటారు? పాపం, ఎద్దును అమ్మేసినాడు. అయినా వాళ్లింటి నీళ్లు మేము ముట్టలేదు, మా ఇంట్లో శుభకార్యానికి వాళ్లను పిలవలేదు. బావ పెండ్లాం అంజనమ్మక్క వాళ్ల ఇంటిముందర పోయినప్పుడల్లా దోసెడు మన్ను తీసి వాకిట్లో పోసేది. నోరు తెరిచి తిట్టింది లేదు, మన్ను పోసి వచ్చేసేది.

బావ తాగుడు ముదిరింది. కొడుకు పోయిన దుఃఖమని అందరం జాలిపడినాం. చివరికి అక్కకే ఓపిక చచ్చి ఇంట్లోంచి పంపించేసింది. ఆయన బాగేపల్లిలో రూము తీసుకొని ఉండినాడు. ఈ ఏడు కూతురు ప్రతిమకు ఆడపిల్ల పుట్టింది. "తాగుడు మానితే తొట్లిలో వేసే పండగకు రమ్మను. పాపను చేతికిస్తా" అని అక్క చెప్పి పంపింది. ఆ ఒక్క మాట కోసం బావ చింతామణిలో తాగుడు మాన్పించే చోట చేరినాడు.

అక్కడ కొంతమంది గుండ్రంగా కూర్చొని మాట్లాడుకుంటారంట. ఒకసారి మొదలైనాక కొత్తోళ్లను చేర్చుకోరు. అక్కడ చెప్పిన మాట గడప దాటకూడదు. నడిపించే ఆశా మేడం ఈ రూల్సు చెప్తాంటే మా బావ లేచి, "అంటే ఇది ఆవృతమా మేడం?" అని అడిగినాడంట. ఆమె బిత్తరపోయింది. ఈయనకు మాత్రం పుట్టింటికి చేరినంత సంబరం.

ఆ గుంపులోనే ఒక పొద్దు నోరు విప్పినాడు. ఎద్దు రాలేదు. సంతలో తాగి, కండ్లు మూతలు పడతాంటే బైకు నడిపి మోరీ గోడకు గుద్దినాడు. విన్నోళ్లు తిట్టలేదంట. ఒకాయన చెయ్యి పట్టుకొని ఏడ్చినాడంట. ఇదంతా, ఊరందరికీ తెలిసిపోయినాక బావే నాకు ఫోన్లో చెప్పినాడు. "ఇంట్లో చెప్పేకి తొందరపడొద్దు మేష్ట్రే, ముందు మీ ఆమెకు ఒక్కదానికే చెప్పండి, నేనూ పక్కన కూర్చుంటా" అనిందంట మేడం.

మేష్ట్రు వింటాడా? మాకు వాట్సాప్‌లో 'గూళూరు మనోళ్లు' అని ఒక గ్రూపు ఉండాది. అక్క తమ్ముడు అమరనాథ్ దానికి అడ్మిన్. బయటోడు అందులోకి దూరలేడు. అదీ మూసిన గుంపే, ఇదీ మూసిన గుంపే. అక్కడ నిజం చెప్తే దగ్గరికి తీసుకున్నారు, ఇక్కడా తీసుకుంటారు. ఇదీ ఆయన లెక్క. ఏం చదువో, తూ.

బాగేపల్లి రూముకు తిరిగొచ్చినాక, పండగకు ఎవురు ఏ చీర కట్టుకోవాలని గ్రూపులో రాసుకుంటాండే మధ్యలో వాయిస్ మెసేజ్ పెట్టేసినాడు. మేష్ట్రు కదా, ఒక్క మెట్టు వదలకుండా మొదట్నుంచీ చెప్పి, "ఎంత కూడినా మనం మనమే కదా" అని ముగించినాడు.

నేను డెయిరీలో పాలు పోసేకి వరసలో ఉండా. వరసలోంచి పక్కకొచ్చి ఇంకోసారి విన్నా. బావ ఫోన్లో అందరూ విన్నట్టు నీలం గుర్తులు పడినాయంట, ఒక్కరూ మాట రాయలేదు. మా పెదమామ ఆదెప్పకు చెవులు వినపడవు, ఏమొచ్చినా బొటనవేలు బొమ్మ పెడతాడు. దీనికీ పెట్టినాడు. దాని కింద, అమరనాథ్ వెంకటేశప్పను తీసేసినట్టు వచ్చింది. ఆ తర్వాత ఎవురో మళ్లీ చీర ఫోటో పెట్టినారు.

సాయంత్రం అమరనాథ్ కనపడితే అడిగినా. "అయితే మునియప్పను పండగకు పిలుస్తామా? ఏ పాపం ఎరగనోడు."

"ఇన్నేండ్లు లేనోడు ఇప్పుడెందుకక్కా? పిలిస్తే తప్పు మనదే అని ఊరంతా అంటుంది" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది.

బావ చింతామణికి పరిగెత్తినాడు. ఆయన గుంపు అప్పటికే ముగిసిపోయింది, లోపల కొత్తది నడస్తాండాది. ఆశా మేడం బయటికొచ్చి మంచిగానే చెప్పింది. "మధ్యలో ఎవుర్నీ చేర్చుకోం మేష్ట్రే, మీకు తెలుసు కదా. ఇంకో గుంపు మొదలైనప్పుడు రండి."

అయినా తాగలేదు. పండగనాడు గూళూరికి వచ్చినప్పుడు నేను దగ్గరికి పోయి చూసినా, వాసన లేదు. ఉతికిన పంచె కట్టుకొని, పాపకు గిలక్కాయ పట్టుకొని వాకిట్లో నిలబడినాడు. అందరూ మొగాలు పక్కకు తిప్పుకున్నారు. మునియప్పను చూసినా ఇట్లే తిప్పుకుంటాం. ప్రతిమ పాపనెత్తుకొని లోపలికి పోయింది.

అక్క బయటికొచ్చింది. కొడుతుందేమో అనుకున్నా.

"మానేసినా అంజనా" అన్నాడు బావ. "నువ్వు చెప్పినట్టే మానేసినా. పాపను ఒక్కసారి నా చేతికియ్యి."

అక్క ఆయన చేతుల దిక్కు చూసింది.

"లోకేశ్‌నూ నీ చేతికే ఇచ్చినా" అనింది.

కిందికి వంగి, దోసెడు మన్ను తీసి ఆయన కాళ్ల ముందర పోసి, లోపలికి పోయి తలుపేసుకునింది.