పోతు ఖర్జూరానికి కట్టిన కుండ

ఒక్క కత్తితో మా అక్కవాళ్ల తొలి పంటను గాలిలో కలపబోయిన మహానుభావుణ్ణి నేనే. వినండి, కానీ మా బావకు మాత్రం గుర్తు చేయకండి.

కోనరావుపేటలో బావ ఖర్జూర తోట పెట్టాడు. ఆడచెట్లన్నీ బర్హీ రకమే, ఒకే తల్లిచెట్టు పిలకలు, అచ్చుగుద్దినట్టుంటాయి. ఆ ఏడే పూతకొచ్చాయి. సిరిసిల్లలో పనుందని, జగిత్యాలలో సెల్‌ఫోన్లు బాగుచేసుకునే నన్ను పిలిపించి కాపలా పెట్టి వెళ్లాడు. చూస్తే ఆడచెట్ల మధ్య ఒకే ఒక్క పోతుచెట్టు! మాది కల్లుగీత ఇల్లు. పోతుతాడి కనిపిస్తే కుండ కట్టే వంశం. ఇక ఊరుకుంటానా? బావకు కల్లు పోసి మురిపిద్దామని దాని పూగెలలన్నీ నలిపి, కొసలు కోసి, కుండ కట్టాను.

చుక్క రాలేదు. ఫోన్ మాత్రం వచ్చింది.

"ఆడగెలలు పగిలినయా?"

"పగిలినయి బావా."

"పొద్దుగూకకముందే వస్త. పోతు పువ్వు తెచ్చి వాటిల పెట్టాలె, లేకుంటే కాయ పట్టది. గా చెట్టు ఒక్కటే ఉన్నది, పైలం."

కుండలోకి తొంగిచూస్తే చీమలు. అక్క ఈ పంట మీద ఎన్ని ఆశలు పెట్టుకుందో నాకు తెలుసు. బండి తీసి రుద్రంగి వైపు పరుగెత్తించాను.

అక్కడ ఖాదర్ భాయ్ తోట ఉంది. గల్ఫ్‌లో తిన్న పండ్ల గింజలన్నీ తెచ్చి నాటాడాయన. గింజల నుంచి మొలిచినవి కదా, ఏ చెట్టు దారి దానిదే. ఒకదానికి ఎర్రకాయ, ఒకదానికి వగరుకాయ, సగం చెట్లు పోతులే. కిందటిసారి చూసి, ఇది తోట కాదు, కోరుట్ల బస్టాండని ఆయన ముఖం మీదే నవ్వాను.

నా గోడంతా విని కూడా ఖాదర్ భాయ్ కుర్చీలోంచి కదల్లేదు. పొద్దు వాలుతోంది.

"మరి మా బస్టాండ్ల ఎవలకోసం అచ్చినవ్?"

"పోతుచెట్టు కోసం, భాయ్. తప్పయింది."

"గవి మస్తున్నయ్. పా," అని నవ్వుతూ లేచి, విచ్చిన పూగెలలు కోసి సంచి నింపాడు.

తిరిగొచ్చేసరికి బావ కుండ కిందే నిలబడి ఉన్నాడు. సంచి చేతికిచ్చాను. వాసన చూసి, ఆడగెలల్లో పువ్వు పెట్టడం మొదలుపెట్టాడు.

ఎండాకాలానికి గెలలు పసుపుపచ్చగా వేలాడాయి. కోతకు నన్నూ పిలిచారు. అందరికీ కత్తులు పంచారు. నా చేయి ఖాళీ.

"నాకు కత్తి ఏది బావా?"

"నీకెందుకు? నీకు కుండ ఉన్నది కదా," అన్నాడు బావ.

ఇక కత్తి ముట్టనని ఆ తోట సాక్షిగా ప్రమాణం చేశాను. నాటి నుంచి ఖర్జూరం ప్యాకెట్టు సైతం పళ్లతోనే చింపుతున్నాను.