నిమ్మకాయ తొక్కలేని ఇంజను

మా నాయన పాకాల రైలు లైన్లో బొగ్గు ఇంజన్ల మీద పనిచేసి రిటైరైన మనిషి. మెచ్చుకుంటే పిల్లలు చెడిపోతారని ఆయన నమ్మకం. అన్న విషయంలో ఆ నమ్మకాన్ని అప్పుడప్పుడూ సడలించేవాడు. నన్ను మాత్రం చెడిపోకుండా భద్రంగా కాపాడాడు.

నాకు కుప్పంలో ఉద్యోగం, ఒంటిగది కాపురం. సాయంత్రాలు కూర్చుని, పిల్లలు ఆడుకునే ప్లాస్టిక్ ఇటుకలతో ఆయన పనిచేసిన ఇంజను కట్టడం మొదలుపెట్టాను. ముందు కంప్యూటర్లో గీసుకున్నాను. మోటారు బాయిలర్లో పట్టక, వెనకున్న బొగ్గుపెట్టెలోకి మార్చాను. చక్రాలను కలిపే కడ్డీలు రెండు పక్కలా ఒకేసారి పైకి లేస్తుంటే బండి బిగుసుకుపోయేది. ఒక పక్క చక్రాలను పావు చుట్టు తిప్పి బిగించాక కదిలింది. నాయన నోట ‘బాగుండాది’ అన్న ఒక్క మాట వినాలి. సిగ్గు విడిచి చెబుతున్నాను, నలభై దాటాక కూడా నా ఆశ అదే.

ఆయుధపూజకు దాన్ని పుంగనూరులో అన్న టిప్పర్లు నిలిపే చోటికి తీసుకెళ్లాను. మదనపల్లె నుంచి నాయనా వచ్చాడు. టిప్పర్లకు పసుపు కుంకుమలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచి తొక్కించారు. వరస చివర చిన్న పట్టాలు పరిచి నా ఇంజను నిలబెట్టాను. అన్న దాని ముందు కూడా ఒక నిమ్మకాయ పెట్టాడు. అది చక్రం కన్నా పెద్దది.

“వద్దన్నా, ఇది బొమ్మ.”

“బొమ్మయితే ఈడికి యాల తెచ్చినావు? బండి అన్నాక తొక్కాల్సిందే.”

నాయన వైపు చూశాను.

“తోలు పాపా, సూద్దాం,” అన్నాడు.

స్విచ్చి వేశాను. ఇంజను నిమ్మకాయకు మూతి ఆనించి నిలబడిపోయింది. మోటారు కీచుమంది. అన్న అరచెయ్యి వేసి, నొక్కి తోశాడు. లోపల పళ్లచక్రం పగిలింది. కడ్డీలు ఊడి టిప్పరు కిందికి దొర్లాయి. డ్రైవర్లు నవ్వారు, వదిన నవ్వింది. అందరికన్నా గట్టిగా నాయన నవ్వాడు.

“ఆడదాని ఇంజను! నిమ్మకాయకే నిలిచిపాయ.”

ఆ మాట మా చుట్టాల్లో సామెతైపోయింది. నాయన మీద నాకున్న ప్రేమ ఆ మధ్యాహ్నమే పోయింది. ముక్కలు ఏరుకుని కుప్పం బస్సెక్కాను.

ఇంజను మళ్లీ కట్టాను, ఈసారి ఎవరి మెప్పు కోసమూ కాదు. నాయన కాలు విరిగి మంచాన పడ్డాక ఒక సాయంత్రం ఫోన్ చేశాడు. అప్పుడు ఇంజను నా బల్ల మీద తిరుగుతోంది.

“పాపా, ఆ ఇంజను ఉండాదా? ఒకసారి తెచ్చి సూపీమ్మా. పడుకుంటే అదే మనసులో తిరగతాండాది.”

“పారేసినా నాయనా.”

“అట్టనా... ఏందా సప్పుడు?”

“పక్కింటోళ్ల కుట్టుమిషను.”

ఆయన ఫోను పెట్టలేదు. ఊపిరి బిగబట్టి వింటున్నాడని తెలుస్తూనే ఉంది. కడ్డీల చప్పుడు మధ్య బతికిన మనిషికి కుట్టుమిషనేదో, ఇంజనేదో తెలియకుండా ఉంటుందా?

నేను స్విచ్చి ఆపేశాను.