రాయి పడిపోయిందని చెప్పాను

పన్నెండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్న అబద్ధమే. ప్రేమకొద్దీ ఆడిందే. అలా అనుకునే ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

నన్ను పెంచింది మా పెద్దమ్మ, రామచంద్రపురం పక్క పల్లెలో. కిడ్నీ రాళ్లకి ఆకు రసం ఇచ్చేది. పొద్దున్నే కాలవ గట్టున కొండపిండి ఆకు కోసుకొచ్చి, రోట్లో నూరి, మజ్జిగలో కలిపి ఇచ్చేది. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేది కాదు. కుచ్చెళ్లు ఎగదోపుకుని ఆవిడ గట్టు దిగి రావడం, ఆ పచ్చి వాసన, గ్లాసు ఖాళీ అయ్యేవరకూ ఎదురుగా నిలబడి చూసే ఆ చూపు. ఇప్పటికీ తలుచుకుంటే కడుపు నిండుతుంది.

నాకూ రాయి వచ్చింది. మూత్రనాళంలో ఇరుక్కుంది. నలభై రోజులు రసం తాగినా తగ్గలేదు. ఆవిడ మనసు కష్టపెట్టలేక, మా స్కూలు టీచర్లకి ట్రైనింగ్ అని చెప్పి రాజమండ్రి వెళ్లాను. మూత్రం దారిలోంచే సన్నటి గొట్టం పంపి, లేజర్‌తో రాయిని ముక్కలు చేశారు. కోత లేదు, కుట్టు లేదు. మూడో రోజుకి ఇంట్లో ఉన్నాను. లోపల పెట్టిన స్టెంట్ తీయించుకోవడానికి ఇంకో అబద్ధం ఆడి వెళ్లొచ్చాను. ఒంటి మీద మచ్చే ఉంటే నిజం చెప్పేదాన్నా? ఏమో.

రసానికే రాయి పడిపోయిందన్నాను. ఆసుపత్రివాళ్లు సీసాలో వేసిచ్చిన ముక్కలు కూడా చూపించాను. పెద్దమ్మ వాటిని వెలుతురులో పెట్టి చూసి చిన్నపిల్లలా నవ్వింది. ఆ నవ్వు కోసం ఇంకో పది అబద్ధాలు ఆడేదాన్ని. వచ్చినవాళ్లందరికీ ఆ సీసా చూపిస్తుందని మాత్రం అప్పుడు తట్టలేదు.

మరుసటేడు మొగల్తూరు నుంచి నూకరాజుగారని ఒకాయన వచ్చారు. సముద్రం మీద వేటకి వెళ్లే మనిషి. డాక్టరు ఆపరేషన్ చెయ్యాలన్నారట. పొట్ట కోస్తే మళ్లీ వల లాగలేనేమోనని ఆయన భయం. పెద్దమ్మ సీసా చూపించి, నన్ను పిలిచింది.

"నువ్వే చెప్పమ్మా. నేను చెబితే ఏం బాగుంటుంది?"

"నిజంగా ఈ రసంతోనే పడిపోయిందాండీ?" అన్నారాయన.

పెద్దమ్మ నా మొహం వంకే చూస్తోంది.

"పడిపోయిందండి," అన్నాను.

పొట్ట కోయరు, కొద్దిరోజుల్లో వేటకి వెళ్లిపోవచ్చు అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ సంగతి ఆ గదిలో నా ఒక్కదానికే తెలుసు. తెలిసీ ఎందుకు నోరు మెదపలేదు? పెద్దమ్మ కోసమా, నా పరువు కోసమా?

ఎనిమిది నెలలు తాగారు. నొప్పి పోయింది. సంతోషంగా ఎండు రొయ్యలు తెచ్చిచ్చారు. నొప్పి పోయింది రాయి పడి కాదనీ, కిడ్నీయే పనిచేయడం మానేసిందనీ తరవాత స్కానింగులో తేలింది. దాన్ని కోసి తీసేశారు. అప్పటికే పెద్దమ్మ పోయింది.

పోయినేడు నరసాపురం బస్సులో ఆయన కనిపించారు. వేట మానేసి, ఇంటిపట్టున వలలు బాగుచేస్తున్నారట. "మీకు పడిందండి, నాకు పడలేదు. పెద్దమ్మగారి రసంలో లోపం లేదండి, నా ఒళ్లే అంత," అన్నారు. అప్పుడైనా చెప్పొచ్చు. నా ఊరు రాకముందే దిగిపోయాను.

ఆకు నాకు పనిచేయలేదు. నేను లేజర్ చేయించుకున్నాను. ఈ రెండు మాటలూ ఇన్నేళ్లలో ఇదే మొదటిసారి రాయడం. నూకరాజుగారికి చెప్పాల్సినవి మీకు చెప్పాను. గుండె కొంచెం తేలికపడింది. దానివల్ల ఆయనకి ఒరిగిందేమీ లేదు.