చేపల ఐసులో వెళ్లిన మూలుగ

ఏలూరు రక్తపరీక్షల డాక్టరమ్మ ఇక లేరని మొన్న పొద్దున్నే మా అల్లుడు ఫోను చేసి చెప్పాడు. గుండెపోటట. వినగానే నాకు ముందు మా చిన్నమ్మాయి గుర్తొచ్చింది, ఇక దాని రక్తం ఎవరు చూస్తారా అని. తప్పుగా అనుకోకండి. భయం పట్టిన తల్లి బుద్ధి అలాగే పోతుంది.

కొల్లేట్లో సర్కారువాళ్లు చేపల చెరువుల గట్లు తెంచేసిన ఏడాది అమ్మాయికి జ్వరం పట్టుకుని వదల్లేదు. తాడేపల్లిగూడెం ఆసుపత్రిలో రక్తానికి క్యాన్సరన్నారు. ఏ రకమో తేలితేగానీ మందు మొదలుపెట్టలేమని, ఎముకలోంచి మూలుగ తీసి సీసాలో పోసి ఏలూరు పంపారు. మా అల్లుడిది చేపల వ్యాపారం. చెడిపోకూడదని సీసా చుట్టూ ఐసు దట్టించి, థర్మాకోలు పెట్టెలో పట్టుకెళ్లాడు. వెంట నేనూ వెళ్లాను. మంచి పని చేశాడనే అనుకున్నాను.

డాక్టరమ్మ పెట్టె తెరిచి సీసా పైకి తీసి చూశారు. “బాబూ, చేపనైతే చచ్చాక ఐసులో పెడతాం. దీన్ని బతికుండగా తేవాలండీ” అన్నారు. గడ్డకట్టి కణాలు పగిలిపోయాయట. గూడెం తిరిగొచ్చి మళ్లీ తీయాలని చెప్పేసరికి అమ్మాయి నా చీర పట్టుకుని వద్దని ఏడ్చింది. అల్లుడు గోడవైపు తిరిగి నిలబడిపోయాడు. మర్నాడు ఆవిడే బస్సెక్కి గూడెం వచ్చారు. సూది దిగినంతసేపూ అమ్మాయి చెయ్యి పట్టుకుని, సీసా తన చేతిసంచీలోనే పెట్టుకుని తీసుకెళ్లారు.

నేనూ ఆవిడ వెంట ఏలూరు వెళ్లి, అందులో ఏం చూస్తారండీ అని అడిగాను. ఒంట్లోంచి పెరగమని కబురొస్తుందట, దాన్ని అందుకునేవి కణం మీద ఉంటాయట. వాటికి అంటుకునే రంగుమందు వేస్తే మెరుస్తాయట, ఏవి మెరిశాయో చూసి రకం చెబుతారట. చీకటిగదిలో మైక్రోస్కోపులో నన్నూ చూడనిచ్చారు. పచ్చటి అంచులతో చిన్న చిన్న గుండ్రాలు. నా కూతుర్ని చంపడానికొచ్చినవి ఇంత అందంగా ఉన్నాయేమిటా అనిపించింది.

రకం తేలింది. మందు పడింది. అమ్మాయి బతికింది. అయినా దానికి కాస్త దగ్గొస్తే చాలు, ఏలూరు పరిగెత్తేదాన్ని. డాక్టరమ్మ టీ చల్లార్చుకుని తాగే మనిషి, కప్పు పక్కన పెట్టి వెంటనే చూసేవారు. “మళ్లీ వచ్చారా మామ్మగారూ. మీ బెంగకి పరీక్ష లేదు, ఉంటే ముందు అదే చేసేదాన్ని” అని నవ్వేవారు. “భయపడటం మీ పని, చూడటం నా పని, వెళ్లి పడుకోండి” అనేవారు. ఆ రాత్రికి నిద్రపట్టేది.

నిన్న చర్చిలో ఉంచారు ఆవిణ్ణి. అమ్మాయి వంగి పాదాల దగ్గర పూలు పెట్టింది. అది లేచేసరికి నా చెయ్యి దాని నుదుటి మీద ఉంది. జ్వరం లేదు, చల్లగానే ఉంది. జనం చూస్తున్నారని తెలుసు, అయినా తీయలేకపోయాను.