అండాలమ్మ చెప్పని మాట

గండిమైసమ్మ చౌరస్తా దగ్గర పెంపుడు జంతువుల దుకాణం ముందు బండి ఆపి, హ్యాండిల్‌కు తగిలించిన కూరగాయల కవరు సర్దుతున్నాను. ఆ చప్పుడుకు లోపలి నుంచి ఈల వేసినట్టు సన్నని అరుపులు వినిపించాయి. గడ్డి వస్తోందనుకుంటే, తోకలేని పెద్ద ఎలుకల్లాంటి ఆ గినీ పందులు అలాగే అరుస్తాయి. లోపలికి వెళ్లాను. ఒక పంజరంలో మగవి, పక్క పంజరంలో ఆడవి. మగవాటిలో ఒకదాని చెవి చిరిగి ఉంది. తడిసిన గడ్డి, మూత్రం కలిసిన ఆ పుల్లని వాసన నాకు కొత్త కాదు. "వీటిని వేరే వేరే గదుల్లో పెట్టాలి" అన్నాను. దుకాణదారు ఫోన్‌లోంచి తలెత్తలేదు. "కొంటవా అన్నా? కొనకుంటే జర జరుగు, గాలి రానియ్యి" అన్నాడు. జరిగాను. కానీ ఆ వాసన ఇంటిదాకా నా వెంట వచ్చింది. దానితోపాటే అండాలమ్మ గుర్తొచ్చింది.

షామీర్‌పేట దగ్గర ఒక పరిశోధనశాలలో నేను ఆరేళ్లు పనిచేశాను. మందులు పరీక్షించడానికి ఎలుకలను, కుందేళ్లను, గినీ పందులను పెంచే ఎనిమల్ హౌస్‌లో పని. నేను కాంట్రాక్టు మనిషిని. రావల్కోల్ నుంచి వచ్చే అండాలమ్మ పర్మినెంటు. నాకు పని నేర్పింది ఆమే. పెద్దమ్మా అని పిలిచేవాణ్ని. మొదటి రోజు ఒక గినీ పందిని మెడ దగ్గర పట్టుకుంటే నా చేతి మీద చరిచింది. "గుంజి ఎత్తకురా. నిన్నెవడన్న గట్ల మెడవట్టి లేపితే ఎట్లుంటది? కింద సెయ్యి వెట్టు" అంది. మగవాటి గది వరండాకు ఈ చివర, ఆడవాటి గది ఆ చివర ఉండేవి. పంజరాలు వేరే ఉన్నప్పుడు ఇంత దూరం ఎందుకని అడిగాను. "మగయి అన్నదమ్ముల లెక్క ఒక్కతాన పండుకుంటయి, ఆడదాని వాసన తగిలేదాంక. తగిలిందా, ఇగ భూమి పంచుకునే పాలోళ్లే" అని నవ్వింది. పొద్దున ముందు మగవాటి పని చేయాలి, తర్వాతే ఆడవాటి గదికి వెళ్లాలి, మళ్లీ వెనక్కి రాకూడదు. ఆమె పెట్టిన ఆ వరస నేను ఒక్కనాడూ తప్పలేదు.

ఆరో ఏడు పర్మినెంటుకు నా పేరు పంపారు. ఏటా కాంట్రాక్టు కాగితం కోసం ఆఫీసు గది ముందు చేతులు కట్టుకుని నిలబడే పని తప్పుతుంది. నేను గట్టిగా కోరుకున్నది అదొక్కటే. ఆ ఎండాకాలంలోనే మగవాటి గదిలో ఏసీ చెడిపోయింది. ఇన్‌చార్జి డాక్టర్ సారు వచ్చి, వాటిని ఆడవాటి గదిలోకి మార్చమన్నారు. కొట్లాడుకుంటాయని చెప్పాను. "పంజరాలు వేరే ఉన్నయి గదయ్యా, గోడ దుంకొస్తయా?" అన్నారు. పక్కనే అండాలమ్మ నీళ్ల సీసాలకు మూతలు బిగిస్తోంది. ఆమె వైపు చూశాను. మూతలు బిగిస్తూనే ఉంది. పంజరాలు మార్చాను.

మూడో రోజు పొద్దున తలుపు తీసేసరికి ఒక పంజరంలో ఒకటి చచ్చి పడి ఉంది. మిగిలిన వాటికి వీపుల మీద, పెదవుల మీద గాట్లు. పరీక్ష మొత్తం పాడైంది. నేను ఆడవాటిని ముట్టుకున్న గ్లౌజులతోనే మగవాటిని ముట్టుకున్నానని డాక్టర్ సారు రాసిచ్చారు. విచారణలో పెద్దసారు అండాలమ్మను అడిగారు: "ఇతను గ్లౌజులు మార్చాడా?"

"నేను సూడలే సార్. గా పొద్దు కుందేళ్ల కాడున్న."

అది నిజమే. ఆమె అక్కడ లేదు. నేను ఆ తర్వాతి మాట కోసం ఎదురుచూశాను. తప్పు గ్లౌజులది కాదు సార్, గదిది అన్న ఒక్క మాట. ఆమె నేల చూస్తూ నిలబడింది. నేనే అరిచాను. నోరు ఎక్కువని కూడా కాగితం మీదకి ఎక్కింది. పర్మినెంటు జాబితాలో నా పేరు కొట్టేశారు. నన్ను పంజరాలు కడిగే పనికి మార్చారు. ఏడాది చివర కాంట్రాక్టు కాగితం కూడా రాలేదు.

రావల్కోల్ వెళ్లాను. అండాలమ్మ వాకిట్లో కూర్చుని మక్క కంకులు ఒలుస్తోంది. గ్లాసులో చల్ల తెచ్చి ఇచ్చింది. ముట్టుకోలేదు.

"నాకు చెప్పింది నువ్వే గద పెద్దమ్మా. పెద్దసారు ముందల ఎందుకు చెప్పలే?"

"గ్లౌజుల సంగతి అడిగిన్రు, చెప్పిన. రూం సంగతి నన్నెవ్వలడిగిన్రు?"

"అడగకుంటే చెప్పవా?"

"అడగకముందే చెప్పెటోళ్లు గా నౌకరిల ఎన్ని రోజులున్నరురా? నిన్ను నువ్వే సూసుకో." కంకి మీద నుంచి చూపు తిప్పకుండా అంది. లేచి వచ్చేశాను. ఆమె శాలువా కప్పించుకుని రిటైరైందని విన్నాను. పోయిందని తెలిసినప్పుడు కూడా వెళ్లలేదు.

ఇప్పుడు మేడ్చల్ వైపు మరో చోట అదే పని, ఇంకా కాంట్రాక్టే. గది వేడెక్కినా, గడ్డి తడిసినా ఎవరూ అడగకుండానే రాసి ఇస్తాను. నకలు నా దగ్గర ఉంచుకుంటాను. నన్ను చూస్తే సూపర్‌వైజరు దారి మారుస్తాడు. పని చేస్తున్నప్పుడు నా చేతులు మాత్రం అచ్చం ఆమె చేతుల్లాగే కదులుతాయి, అది నాకు నచ్చదు. పోయిన నెల తనిఖీకి వచ్చిన అధికారి నన్ను నీళ్ల గురించి ఒక్క ప్రశ్న అడిగాడు. జవాబు చెప్పి, అతను అడగని మూడు సంగతులు కూడా చెప్పాను. మేనేజరు ముఖం మాడింది. ఈ ఏటి కాగితం ఇంకా రాలేదు. అండాలమ్మ అన్నది అబద్ధం కాలేదు. అబద్ధమై ఉంటే ఆమెను ఏనాడో క్షమించేవాణ్ని.