గీకని మైనం

మొన్న సాయంత్రం కాసేపు కరెంటు పోతే, ఇల్లంతా వెతికినా ఒక్క కొవ్వొత్తి దొరకలేదు. కొవ్వొత్తుల మీద బతికిన ఇంట్లో ఇదేం విడ్డూరమని మా కోడలు నవ్వింది. నా భార్యకు మాత్రం మేం వెతుకులాట మొదలుపెట్టేదాకా కరెంటు పోయిన సంగతే తెలియలేదు. షుగర్ వల్ల కొన్నేళ్లుగా ఆమె చూపు తగ్గుతూ వచ్చి, ఇప్పుడు వెలుగుకూ చీకటికీ తేడా తెలియడం లేదు.

డెబ్బైల్లో, పటాన్‌చెరు చుట్టూ ఒక్కొక్క ఫ్యాక్టరీ లేస్తున్న కాలంలో, మా బాపు సంగారెడ్డి బజారులోని దుకాణాన్ని అన్నకు అప్పగించి, నన్నూ, కొత్తగా కాపురానికి వచ్చిన నా భార్యనూ వెంటబెట్టుకుని అక్కడొక రేకుల షెడ్డులో కొవ్వొత్తుల పని మొదలుపెట్టాడు. ఒత్తులు పేర్చడం ఆమె వంతు, పెద్ద గంజులో మైనం కాచడం నా వంతు. రంగు మార్చినప్పుడల్లా గంజు అడుగున మిగిలిన మైనాన్ని ఒక పెట్టె చెక్క మీద ఒంపితే, పసుపు మీద ఎరుపు, ఎరుపు మీద నీలం పేరుకునేవి. సాయంత్రం దాన్నంతా ఇనుప రేకుతో గీకి, మళ్లీ కరగబెట్టి, బురద రంగు కొవ్వొత్తులుగా పోసి చవగ్గా అమ్మేవాళ్లం. చేతికంటిన మైనం కూడా తిరిగి గంజులోకే పోవాలన్నది బాపు పట్టుదల. మా కడుపు నిండింది కూడా ఆ పట్టుదల వల్లే.

ఒక దసరాకు, మా పని ముగియకముందే బాపు ఆ గీకే రేకును కడిగి, బొట్టు పెట్టి, ఆయుధపూజలో ఉంచాడు. బొట్టు పెట్టిన పనిముట్టును పండుగ దాటేదాకా ముట్టకూడదు కాబట్టి చెక్క మీద రంగులు అలాగే ఉండిపోయాయి. నా భార్య చేతిలోని ఒత్తులు పక్కన పెట్టి దాని ముందు కూర్చుండిపోయింది. అందులో ఏం కనిపిస్తోందని అడిగాను.

"ఏం గాదు. సూడబుద్ధయితుంది, గంతే," అన్నది. కాసేపటికి మెల్లగా, "ఇయ్యాలైతే గీకరు గద?" అని అడిగింది.

పండుగ దాటాక గీకక తప్పలేదు. ఆ తర్వాత ఆమె ప్రతి ఏడూ దసరాకు ఆ చెక్క కోసమే ఎదురుచూసేది.

బాపు పోయాడు, చాలా ఏళ్లకు షెడ్డూ మూతపడింది. ఆమె కళ్లు మసకబారుతున్నాయని తెలిసిన నాడు, అటక మీది చెక్కను దింపి, మూటగట్టి ఉంచిన రంగు మైనాలు కరగబెట్టి, ఇంత వయసులో బొమ్మలు వేయడానికి కూర్చున్నాను. చెట్టూ కాదు, పుట్టా కాదు, ఆనాటి చెక్క మీదిలాగే రంగు మీద రంగు. ఇటువంటివాటిని అబ్‌స్ట్రాక్ట్ పెయింటింగ్ అంటారని కోడలు చెప్పేదాకా నాకు తెలియదు. ఆమె చూపు పూర్తిగా పోకముందే ఒక్కటైనా కుదరాలని తాపత్రయపడ్డాను. కుదిరేసరికి ఆలస్యమైంది.

కరెంటు పోయిన ఆ సాయంత్రమే, మళ్లీ వెలుగు వచ్చాక, దాన్ని ఆమె ఒడిలో పెట్టాను. మైనం ఎత్తుగా పేరుకున్న చోటల్లా వేళ్లతో తడుముతూ, ఏది ఏ రంగో అడిగి తెలుసుకుంది. చివరకు చెయ్యి తీయకుండానే, "దీన్ని గీకరు గద?" అన్నది.

గీకనన్నాను. ఇప్పుడు గీకాల్సిన అవసరమూ లేదు, గీకమనే బాపూ లేడు. చూడవలసిన కళ్లే లేవు.