పూల బట్ట, గళ్ళ బట్ట

జానమ్మ "రేపు" అన్నదంటే అది ఏ వారమో, ఏ నెలో ఆమెకు కూడా తెలియదని ఊరంతా అనుకుంటుంది. నారాయణపేట రోడ్డు పక్కన, బస్సు ఆగేచోట, రేకుల షెడ్డులో ఉంటుంది ఆమె కుట్టు మిషను. పెళ్ళికని జాకెట్టు ఇచ్చినవాళ్ళు పెళ్ళి అయిపోయాక వచ్చి పట్టుకుపోయిన రోజులున్నాయి. గొడవకు దిగితే, "ఫికర్ చెయ్యకు, రేపు నీ బిడ్డ పెండ్లికి ఏసుకుందువు గాని" అంటుంది. ఆ బిడ్డ ఇంకా ఉయ్యాలలో ఉంటుంది. నవ్వు వచ్చాక కోపం నిలవదు కదా, వాళ్ళూ అక్కడే కూర్చుని చాయ్ తాగి పోతారు.

ఒక్క పనిలో మాత్రం జానమ్మ నోట రేపు రాదు. అది బడిపిల్లల యూనిఫాం. సర్కారు ఆ కుట్టుపనిని మహిళా సంఘాలకు అప్పగించినప్పటి నుంచి, ఊరి బడితోపాటు నాలుగు కిలోమీటర్ల అవతల ఉన్న హైస్కూలు బట్టలూ ఆమె సంఘమే కుడుతోంది. తరగతికి ఇంత సైజు అని కాగితం మీద రాసి పంపుతారు. ఆ కాగితాన్ని ఆమె సూదులు గుచ్చుకోవడానికి వాడుకుంటుంది. "ఎన్మిదో తరగతి పిల్లలందరు ఒక్కతీరు లావుంటరా? సార్లందరు ఒక్కతీరు ఉన్నరా?" అని, టేపు మెడలో వేసుకుని బడికే పోతుంది. ఒక్కొక్కరినీ నిలబెట్టి కొలుస్తుంది. చెయ్యెత్తమని పదమూడో ఎక్కం అడుగుతుంది. తప్పితే చంకలో గిలిగింత పెడుతుంది. హైస్కూల్లో చాలామంది పదమూడో ఎక్కం నేర్చుకున్నది ఆ గిలిగింత భయానికే. ఇంత చేస్తే ఇంకో లాభమూ ఉంది. ఎవరు బడికి రావడం లేదో అక్కడ హాజరు వేసే స్నేహలత మేడంతోపాటు జానమ్మకూ తెలిసిపోతుంది.

ఆమె చదువు ఎనిమిదో తరగతిలో ఒక నెల. ఏడు పాసై హైస్కూల్లో పేరు రాయించుకుంది. నెల తిరగకుండానే తండ్రి మైసయ్య "రెండు నెల్లే బిడ్డా" అని మిరపచేన్ల కూలికి వెంట తీసుకుపోయాడు. రెండు నెలలు ఐదయ్యాయి. తిరిగొచ్చేసరికి రిజిస్టరులో ఆమె పేరు మీద ఎర్రగీత ఉంది. తర్వాత చర్చివాళ్ళు పెట్టిన కుట్టు క్లాసులో చేరింది. ఆ సంగతి ఎప్పుడో మాటల్లో వస్తే ఒక్కటే అంటుంది: "గా గీత సక్కగన్న గీసిండ్రా? వంకరపోయింది." అంతే, మళ్ళీ మిషను తొక్కుతుంది.

పోయినేడాది ఆషాఢంలో హైస్కూల్లో కొలతలు తీసిన రోజున ఎనిమిదో తరగతి ఆడపిల్లల్లో నవనీత ఉంది. చెన్నయ్య, రమల బిడ్డ. పన్నెండేళ్ళది, సన్నగా పొడుగ్గా వెదురుపుల్లలా ఉంటుంది. పదమూడో ఎక్కం తప్పకుండా చెప్పి, తనే అడిగింది.

"మిషినత్తా, ఇగ గౌను కాదు గదా? పంజాబీ డ్రెస్సే గదా? మీదికి కోటు గూడ గదా?"

"కోటుకు జేబు గూడ పెడ్తనే. బటానీలు దాసుకుందువు" అంది జానమ్మ.

వారం తిరగకముందే రమ షెడ్డుకొచ్చింది. చేతిలో పసుపుపూల బట్ట, ఆదికని నవనీత పాత డ్రెస్సు ఉన్నాయి.

"నవనీతకు ఒక డ్రెస్సు కుట్టు వదినె. జర జల్ది కావాలె."

"ఏం పండుగనే?"

రమ చూపు రోడ్డు మీదికి పోయింది. "గద్వాల దిక్కు మా ఆడబిడ్డ నర్సింగమ్మ సీడుపత్తి చేన్ల పని చేస్తది గదా. ఇత్తనాల కోసం పువ్వుకు పువ్వు రాసి దాటిచ్చే పని మొదలైందంట. చిన్న చేతులైతే పువ్వు చెడదంట. పిల్లను తోలమని ఫోన్ చేసింది. మేనత్త ఇంటికి మొదటిసారి పోతాంది, పాత బట్టలతోని ఎట్ల పంపాలె?"

"బడి?"

"రెండు నెల్లేనంట."

జానమ్మ టేపును మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది. "రేపు రా" అంది.

ఆ రేపు చెన్నయ్య వచ్చాడు. కరెంటు లేదంది. మర్నాడొచ్చాడు. సూది విరిగిందంది. మూడోనాడు పైనుంచి ఫోనొచ్చిందనీ, యూనిఫాంలు పూర్తయ్యేదాకా ఇంకో బట్ట మిషనెక్కితే సంఘాన్నే రద్దు చేస్తామన్నారనీ చెప్పింది. చెన్నయ్య ఆమెకు తమ్ముడి వరస, ఏమీ అనలేడు. నాలుగోనాడు వస్తూనే బెంచీ మీద కూలబడ్డాడు.

"అక్కా, నిజం చెప్పు. గా బట్ట ఉన్నదా, అమ్ముకున్నవా?"

"అమ్మితే నీకే అమ్ముదును తమ్మీ, ఊళ్ళె గంత అవసరం ఇంకెవలికున్నది? పిల్లను చేన్లకు తోలెటందుకు గింత ఆరాటపడుతున్నవ్, జూన్ల బడిబాటకు సార్లొస్తే సంతకం పెట్టేటప్పుడు ఏమన్నవ్?"

"పంపిస్తనన్న. పంపిన గదా, నెలదినాలు!"

"నెలదినాలకు నీకు సర్టిఫికెట్టు ఇయ్యమందామా?"

చెన్నయ్యకు కోపం రాబోయి ఆగింది. మనిషి చెడ్డవాడు కాదు. పెద్దక్క నర్సింగమ్మ అడిగింది, కాదనలేకపోయాడు. చిన్నప్పుడు ఆమె చంకనెత్తుకుని పెంచింది మరి. "బేస్తారం పొద్దుగాల బస్సుకు పోవాలె. బుధారం డ్రెస్సు ఇయ్యకుంటే గీ బెంచీ మీదనే పంటా" అని లేచిపోయాడు.

జానమ్మ చాలాసేపు మిషను ముట్టలేదు. పూల డ్రెస్సు మొదటిరోజే కుట్టేసింది, ట్రంకు పెట్టెలో ఉంది. చెన్నయ్యతో పోట్లాడితే పిల్ల ఇంకా ముందే పోతుంది. రేపు రేపు అని జరిపే రోజులూ అయిపోయాయి. అప్పుడామె మూలనున్న గళ్ళ బట్ట వైపు చూసింది. హైస్కూలు యూనిఫాం మూటలో నవనీత వంతు అది. పూర్తిగా కుట్టి, కోటుకు జేబు పెట్టి, పైజామా అంచుల్లో రెండంగుళాల బట్ట లోపలికి మడిచింది.

బుధవారం పొద్దుగూకే వేళకు పాత పేపర్లో చుట్టి, దారంతో నాలుగు ముళ్ళేసి, ఆ పొట్లాన్ని రమ చేతిలో పెట్టింది.

"ఇప్పుడే ఇప్పకు. ఇస్త్రీ చెడ్తది. పొద్దుగాల ఏసేటప్పుడే ఇప్పు."

రమ పొట్లాన్ని అరచేతిలో ఎత్తి చూసింది. పూల బట్ట పలచన, ఇది బరువుగా ఉంది. జానమ్మ ముఖంలోకి ఒకసారి చూసి, దాన్ని కొంగులో చుట్టుకుని ఇంటిదారి పట్టింది.

గురువారం ఎనిమిదింటి బస్సు హారను మోగుతుండగా చెన్నయ్య బిడ్డను లాక్కుంటూ షెడ్డు ముందుకొచ్చాడు. నవనీత ఒంటిమీద కొత్త గళ్ళ డ్రెస్సు, పైన కోటు. ముఖం వెలిగిపోతోంది. చెన్నయ్య ముఖం మాడిపోయి ఉంది.

"ఏందక్కా ఇది?"

"అయ్యో! మూటలు తారుమారైనయ్ తమ్మీ" అని జానమ్మ బుగ్గ నొక్కుకుంది. "పెట్టె తాళం సంఘం లీడరు కాడున్నది. రేపు రా, మార్చిస్త."

"నీ రేపు సల్లగుండ! ఇంట్ల పాత బట్టలేస్తనంటె గిది, 'పాత బట్టలతోని మా ఆడబిడ్డ గడప తొక్కనియ్య, గిదే కొత్తది' అని కూసున్నది." గిది అంటే రమ. ఆమె వెనకాలే నిలబడి కొంగు సర్దుకుంటోంది. బస్సు కదులుతుంటే తండ్రీకూతుళ్ళు ఎక్కేశారు.

తర్వాత జరిగినదంతా ఆ సాయంత్రమే జానమ్మ విన్నది. ఐదింటి బస్సులో ఇద్దరూ తిరిగొచ్చారు. చెన్నయ్య దిగడం దిగడమే షెడ్డులోకొచ్చి బెంచీ మీద పడ్డాడు.

"నన్ను బజారుల నిలబెట్టినవ్ గదక్కా! హైస్కూలు కాడ కండక్టరు బస్సాపి, 'దిగు బిడ్డా, బడొచ్చింది' అంటడు. ముందుకు పోవాలెనన్న. బస్సంత నన్నే చూస్తాండ్రు. ఒక ముసలమ్మ, 'బడి ఎగ్గొట్టిచ్చి యాడికి తోల్కపోతున్నవ్ రా?' అన్నది. ఏం చెప్పాలె? పెండ్లికన్న."

జానమ్మ నోట్లోని దారం ఊడిపడింది. "ఆషాఢంల పెండ్లా?"

"గామె గూడ గదే అన్నది! 'ఆషాఢంల పెండ్లి చేసేటోళ్ళు ఎవల్రా? జర చెప్పు, మేం గూడ పోతం' అని గద్వాలదాక నవ్వుడే."

నవనీత పక్కన నిలబడి కోటు జేబులో చేతులు పెట్టుకుని నవ్వు ఆపుకుంటోంది.

"చేను కాడికి పోయేవరకు గట్టు మీద ఆసామి ఉన్నడు. పద్నాలుగేండ్లలోపు పిల్లలను పనిల పెట్టనని నిన్ననే ఆఫీసరోళ్ళకు రాసిచ్చిండంట. వాళ్ళ జీపు ఇంక ఆ రోడ్డు మీదనే తిరుగుతాంది. మా అక్క మమ్ములను చూసి మంచినీళ్ళు గూడ ఇయ్యకముందే, 'గా బట్టలతోని చేన్ల అడుగుపెట్టకే! నన్ను జైలుకు పంపుతవారా చెన్నా?' అని ఒర్లవట్టె. ఆసామి పిల్ల మొఖం నిమ్మలంగ చూసి, 'ఈమె బడిపిల్ల, ఏ బట్టలేసినా నా చేన్లకు రావొద్దు' అన్నడు."

"సంగటి గూడ పెట్టలేదా?" అంది జానమ్మ.

"పెట్టింది. కోడిని కోసింది." చెన్నయ్య గొంతు కొంచెం తగ్గింది. "తిన్నంక పిల్లను పక్కకు కూసోబెట్టుకుని కోటు బటాన్లన్ని పెట్టింది, తీసింది, మళ్ళ పెట్టింది. 'మంచిగ కుట్టిండ్రు రా' అన్నది. బస్సెక్కేటప్పుడు, 'తోలకు ఇగ' అన్నది."

రోడ్డు మీద గొర్రెల మంద పోతోంది. నవనీత ఒంగి పైజామా అంచు పట్టుకుంది.

"మిషినత్తా, పైజామ అంచుల లోపలికి గంత బట్ట ఎందుకు మడిచినవ్?"

"తొమ్మిదో తరగతికి ఇప్పెటందుకు" అంది జానమ్మ, చెన్నయ్య వైపు చూడకుండా.

చెన్నయ్య లేచి బిడ్డ భుజం మీద చెయ్యేసి బయటికి నడిచాడు. గుమ్మంలో ఆగాడు. "గా పూల డ్రెస్సు ఎప్పుడిస్తవ్?"

"దసరా సెలవులకు. మేనత్తను చూసొస్తది."

"ఏ ఏడు దసరా?"

జానమ్మ మిషను తొక్కడం మొదలుపెట్టింది, వినబడనట్టు.

మర్నాడు పొద్దున బస్సాగింది. నవనీత సంచి భుజాన వేసుకుని ఎక్కింది. అదే కండక్టరు. ఆడవాళ్ళకిచ్చే జీరో టికెట్టు చింపి చేతిలో పెడుతూ, బస్సంతా వినబడేట్టు అడిగాడు.

"ఏం బిడ్డా, ఈయాల పెండ్లి లేదా?"

బస్సులో నవ్వు షెడ్డు దాకా వినిపించింది. జానమ్మ సూదిలో దారం ఎక్కిస్తోంది. తనకూ నవ్వొచ్చి మూడుసార్లు తప్పింది.